పెరటిలోని ఛాయాచిత్రములు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోని పాత యిండ్లలో, భోషాణము అడుగున పట్టుచీరల మడతల నడుమనో, గోడమీది దేవుని పటముల వరుస చివరనో, మాసిన నలుపు తెలుపు ఛాయాచిత్రములు ఇంకను కొన్ని మిగిలియున్నవి. వానిలో బిడ్డల చిత్రములను కొంత సేపు పరిశీలించినచో, స్టూడియోకు తీసికొనిపోయి తీయించినవి ఏవో, తండ్రియో మేనమామయో ఇంటియొద్ద తీసినవి ఏవో చెప్పుట కష్టము కాదు. నాకు ఆ రెండవ రకపు చిత్రములపై మక్కువ యెక్కువ. మన చరిత్రకారులు శాసనములకును కైఫీయతులకును ఇచ్చిన గౌరవములో నూరవ వంతైనను వీనికి ఈయవలసియున్నదని నేను నమ్ముదును.

1839లో పారిస్ నగరమున డాగేర్ పద్ధతి లోకమునకు వెల్లడియైన కొలదికాలములోనే ఛాయాగ్రహణము హిందూదేశమునకు వచ్చెను. 1856లో డాక్టరు అలెగ్జాండర్ హంటర్ చొరవతో చెన్నపట్టణమున ఒక ఫొటోగ్రాఫిక్ సొసైటీయు ఏర్పడెను. శ్రీకాకుళము 1936 వరకు గంజాం జిల్లాలోనిది, విజయనగరము ఆనాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఈ దూరపు సీమకు కెమెరా దొరలతోను జమీందారులతోను వచ్చినది. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి ఏడు సంపుటములుగా వెలువరించిన దక్షిణదేశపు కులముల, తెగల గ్రంథములో మన ఏజెన్సీ కొండల గదబల చిత్రములు కలవు. ఆ చిత్రములలో నిలిచినవారికి తెగ పేరే గాని సొంత పేరు లేదు. ఎవరి బిడ్డ, ఏ యూరి బిడ్డ అను ప్రశ్న ఆ కెమెరా వెనుక నిలిచినవారికి పుట్టనే లేదు.

పట్టణములలో స్టూడియోలు వెలసిన పిమ్మట కలిగినవారి బిడ్డలు కెమెరా ముందునకు వచ్చిరి. తొలినాళ్ల తడిపలక పద్ధతిలో, కొలోడియన్ పూసిన గాజుపలక ఆరకముందే చిత్రము తీసి కడుగవలసియుండుటయేగాక, పలకపై వెలుగు కొన్ని సెకండ్లపాటు పడవలసియుండెను. పెద్దలు ఊపిరి బిగబట్టి నిలువగలరు గాని మూడేండ్ల బాలుడు నిలువగలడా? 1871లో రిచర్డ్ మాడక్స్ అను ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పొర గల పొడిపలకకు దారి చూపగా, తరువాతి పదేండ్లలో అవి అంగళ్లకు వచ్చి, బాలుని చేతి కదలిక మసక కాకుండ నిలుచుట సాధ్యమయ్యెను. అయినను స్టూడియో అలవాట్లు పలకతోపాటు మారలేదు. మెట్లును స్తంభములును పూలకుండలును చిత్రించిన తెర ముందు, నల్లగుడ్డలో తలదూర్చిన ఫొటోగ్రాఫరు వేలు మడచి లెక్కపెట్టుచుండగా, ప్రక్కనుండి తాత “కదలకురా గుంటడా!” అని గదమాయించుటయు, కృష్ణవేషము వేసిన ఆ గుంటడు పిల్లనగ్రోవిని ఎక్కడ పట్టుకొనవలెనో తెలియక బిక్కమొగము వేయుటయు ఆనాటి చిత్రములను చూచిన వారెవరికైనను ఊహకందును.

మల్లెల కాలమున పూలజడ వేసిన ఆడపిల్లను నిలువుటద్దమునకు వీపు త్రిప్పి కూర్చుండబెట్టి, ముఖమును జడయు ఒక్క చిత్రములోనే పడునట్లు తీయించుట తెలుగునాట నంతటను ఉన్న ముచ్చటయే. నిజమునకు అది జడకొరకు తీయించిన చిత్రము. గంటల తరబడి జడ కుట్టించుకొన్న పిల్ల అలసట, ఎవరును కోరకయే, కన్నులలో నిలిచిపోయినది.

ఆ పిల్లల ముఖములపై రెండు నల్లని చుక్కలుండును. ఫొటో తీసినచో ఆయుస్సు తరుగునను భయము ఆనాడు బలముగా నుండినందున, కెమెరా ముందునకు పోవు బిడ్డకు బుగ్గమీద కాటుకతో దిష్టిచుక్క పెట్టక మానెడివారు కారు, అది నలుపే. నుదుటిదో కుంకుమబొట్టు. ఆనాటి పలకలు నీలమును గ్రహించినట్లు ఎరుపును గ్రహింపజాలవు గనుక, కుంకుమయు కాటుకయు చిత్రములో ఒక్క తీరున నల్లబడినవి. ఎరుపును గ్రహించు పాంక్రొమాటిక్ పలకలు 1906లో ఇంగ్లండున అమ్మకమునకు వచ్చినవి. కావున పాత చిత్రములో కుంకుమబొట్టు లేత బూడిదరంగున కనబడినచో, అది తరువాతి కాలపు పలకపైననో ఫిల్ముపైననో తీసినదని ఊహింపవచ్చును. తేదీ వ్రాయని చిత్రముల కాలనిర్ణయమునకు ఇంతకంటె ముచ్చటైన ఆధారము నాకు తెలియదు.

1900లో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ బ్రౌనీ యను పెట్టెకెమెరాను ఒక్క డాలరు వెలకు అమ్మజూపినది. పిల్లలు సైతము వాడుకొనవచ్చునని ప్రకటించి అమ్మిన ఆ పెట్టె పెద్దల చేతికి వచ్చి, బిడ్డను స్టూడియో తెర ముందునుండి పెరటిలోనికి తెచ్చినది. మన ప్రాంతమున అట్టి కెమెరాలు ప్లీడర్లు, డాక్టర్లు, రైల్వే ఉద్యోగులు వంటివారి యిండ్లకే చేరినవి. కూలి చేసికొని బ్రదుకువారి బిడ్డకు జాతరలోని ఫొటో గుడారమే గతి, అదియు దొరకినచో. ఈ తారతమ్యమును మరచి ఆ చిత్రముల అందమును పొగడుట న్యాయము కాదు.

పెట్టెకెమెరా కటకము దూరమును సవరించుకొనలేదు. రెండు మూడు గజములలోపునకు పోయినచో ముఖము మసకబారును. అందుచేత తండ్రి దూరముగా నిలువవలసివచ్చెను, బిడ్డతోపాటు పెరడంతయు చిత్రములోనికి వచ్చెను: అరుగు, తులసికోట, నూతిచప్టా, వెనుక వీధిలోని చుట్టిళ్ల తాటాకు కప్పులు. ఆ చుట్టిళ్లలో అనేకము నేడు లేవు. బొబ్బిలి ప్రాంతపు ఒక యింట నేను చూచిన చిత్రములో, ఆరేండ్ల పిల్ల నూతిచప్టా అంచున తడిజుట్టుతో కూర్చుండి, తమ్ముని చేతిలోని ఇత్తడి చెంబు ఎప్పుడు జారిపడునా యని దానినే చూచుచున్నది. కెమెరా సంగతి ఆమెకు పట్టలేదు. ముందుభాగమున నేలమీద, మోచేతులు మడచి కడుపుకడ ఏదో పట్టుకొన్న పొడుగుపాటి నీడ యొకటి కలదు. సూర్యుడు వెనుకనుండునట్లు నిలువుమని ఆనాటి ఫొటో పుస్తకములన్నియు బోధించెడివి. ఆ బోధను పాటించిన తండ్రి నీడ అది. చిత్రమున అతడు లేడని ఎట్లందుము?

రాత్రి భోజనములైన పిమ్మట కొట్టుగది కిటికీకి కంబళి కట్టి, లాంతరు గాజుకు ఎర్రకాగితము చుట్టి, పింగాణి పళ్లెములలో డెవలపరును నీటిని హైపోను పోసికొని, ఇంటివారే ఫిల్మును కడుగుట కొందరికి వ్యసనముగా నుండెడిది. కుంకుమను నల్లగా చూపిన ఆ ఫిల్ము గ్రుడ్డితనమే ఇచ్చట మేలు చేసినది: ఎరుపు దానికి కానరాదు గనుకనే ఎర్రదీపపు వెలుగున బిడ్డ ముఖము తేలివచ్చుటను తండ్రి కన్నులార చూడగలిగెను. రంగుచిత్రములలో ఈ భాగ్యము లేదు. పనియంతయు లాబొరేటరీ చేతిలోనికి పోయినది.

సొంత బిడ్డలను ఏండ్ల తరబడి విడువక చిత్రించిన భారతీయులలో, నాకు తెలిసినంతలో, ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్‌ను మించినవాడు లేడు. పంజాబు సర్దారు కుటుంబమున 1870లో పుట్టిన ఆయన, 1913లో జన్మించిన అమృతను, మరుసటి యేట జన్మించిన ఇందిరను బుడాపెస్టులోను సిమ్లాలోను పారిస్‌లోను చిత్రించెను. ఆయన చిత్రములలో వేషము వేయించి తీసినవి చాల కలవు. అయినను ఆ బాలికలు తండ్రియెదుట నిలిచినట్లే నిలిచిరి. మన సీమలో అంతటి పేరు వచ్చినవారు లేరు గాని, ఆ ప్రేమతో కెమెరా పట్టినవారు లేకపోలేదు.

స్వాతంత్ర్యానంతరము బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ కెమెరా మధ్యతరగతి యిండ్లకు వచ్చినది. చుట్టకు పండ్రెండు చదరపు చిత్రములు. ఉదకమండలములో 1960లో స్థాపింపబడిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ ‘ఇందు’ అను పేరిట నలుపు తెలుపు ఫిల్మును కాగితమును అందించినది. 1980 తరువాత రంగు ప్రింట్లు చౌకయై, ఇంటి చీకటిగదులు తిరిగి కొట్టుగదులైనవి.

మిగిలిన చిత్రములకు ఇప్పుడు మూడు శత్రువులు: సముద్రపు చెమ్మగాలి, వెండిపురుగు, తుపాను. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఈ సీమను ఎట్లు ఊపినవో చెప్పనక్కరలేదు. తడిసిన జెలటిన్ పొర ఆరునప్పుడు ప్రక్క చిత్రమునకు అతుకుకొనును. అట్టివానిని బలిమిని ఊడదీయరాదు. శుభ్రమైన చన్నీట నానబెట్టి, వానియంతట అవి విడివడునంతవరకు వేచియుండవలెను. వెనుకవైపు మెత్తని పెన్సిలుతో బిడ్డ పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుటకు ఇంటి ముసలివారు ఉన్నప్పుడే పూనుకొనవలెను. విజయనగరమున గురజాడ వారి యింటిని స్మారకముగా నిలుపుకొన్న మనము, ఈ రెండు జిల్లాల ఇంటి నెగెటివులకు నకళ్లు తీసి దాచుటకు గ్రంథాలయములలో ఒక్కొక్క బీరువానైనను కేటాయింపుడని అడుగుట అత్యాశ కాదు.