కాంతి కాలుష్యం, ఇంటి భద్రత

ఆరుబయటి దీపాల కాంతి అవసరమైన చోటు దాటి ఆకాశంలోకి చెదిరిపోవడాన్ని కాంతి కాలుష్యం అంటారు. గాలిలోని దుమ్ము, తేమ ఆ వెలుగును నలుదిక్కులా వెదజల్లడంతో పాలపుంత, మసక నక్షత్రాలు కనుమరుగవుతాయి.

హైదరాబాదు చరిత్రలో దీనికి గట్టి సాక్ష్యముంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అప్పటికి బేగంపేట ఊరి అంచు. నగరం పెరిగి వెలుగులు కమ్ముకున్నాక, 1960ల్లో 48 అంగుళాల దూరదర్శిని కోసం చీకటిని వెతుక్కుంటూ ఇబ్రహీంపట్నం వైపున్న జపాల్-రంగాపూర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచే పరిశీలించారు.

ఈ వెలుగుల్లో ఇళ్ల దీపాలూ భాగమే. ఉప్పల్ దాటాక వరంగల్ రహదారి వెంట విస్తరించిన మేడిపల్లి లాంటి చోట దొంగల భయంతో గేటుకు ఫ్లడ్‌లైటు బిగించుకోవడం అర్థం చేసుకోదగ్గదే. కానీ అది సూటిగా కళ్లలో పడితే కనుపాప కుంచించుకుపోయి, పక్క నీడలో నిలబడ్డ మనిషి కనిపించడు. సీసీ కెమెరాకూ అదే చిక్కు.

పైన మూత ఉండి నేలను మాత్రమే వెలిగించే దీపం, 3000 కెల్విన్లు మించని పసుపుఛాయ బల్బు, కదలికను పసిగట్టి వెలిగే సెన్సరు ఉంటే ఇంటికి కాపలా తగ్గదు, కరెంటూ మిగులుతుంది. ముందుగా గేటు దీపాన్ని కిందికి వంచండి. దానికి పైసా ఖర్చు లేదు.