అణ్వస్త్ర నిషేధోద్యమం – డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ



యుద్ధమనేది ఎక్కడో దూరదేశాల సంగతి, మన గోదావరి డెల్టాకు దానితో పనేమిటి అని చాలామంది అనుకుంటారు. కాని 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీద, మన కాకినాడ మీద బాంబులు వేసిన సంగతి మరువరాదు. మా చిన్నతనంలో పెద్దవాళ్లు ఆ బాంబుల నాటి కబుర్లు చెప్పుకుంటుంటే మేము నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం.

మూడేళ్లు గడిచాయి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది. ఆ ఏడాది ఆఖరుకల్లా హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000 మందికి పైగా చనిపోయారని అంచనా. కాకినాడ మీద బాంబులు వేసిన దేశమే కదా అని సంతోషించడానికి వీల్లేదు. ఆ చనిపోయిన వాళ్లలో బడికి పోయే పిల్లలు, వంట చేసుకుంటున్న తల్లులు ఎందరో ఉన్నారు. కాకినాడ మీద విమానాలు పంపమని వాళ్లెవరూ చెప్పలేదు.

ఈ ఘోరం మళ్లీ జరగకూడదని 1950 మార్చిలో స్టాక్‌హోంలో ప్రపంచ శాంతి ఉద్యమం వారు ఒక విజ్ఞప్తి చేశారు. దానికి ముందు నిలిచినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జోలియో క్యూరీ. అణ్వాయుధాలను పూర్తిగా నిషేధించాలి, ఆ నిషేధం అమలయ్యేలా అంతర్జాతీయ తనిఖీ ఉండాలి, ముందుగా వాటిని ప్రయోగించిన ప్రభుత్వాన్ని యుద్ధ నేరస్థుడిగా ఎంచాలి అన్నవి అందులోని కోరికలు. దేశదేశాల్లో కోట్లాది మంది దాని మీద సంతకాలు పెట్టారు. కమ్యూనిస్టుల ఎత్తుగడ అని కొట్టిపారేసిన వాళ్లూ ఉన్నారు. సోవియట్ రష్యా అండ ఆ ఉద్యమానికి ఉన్న మాట నిజమే. అయినా సంతకం పెట్టిన సామాన్యుడి భయం ఏ పార్టీదీ కాదు.

మన దేశంలో ఈ ఉద్యమానికి పెద్దదిక్కు డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ సాహెబ్. 1919 ఏప్రిల్ 10న అమృత్‌సర్‌లో బ్రిటిష్ వాళ్లు ఆయన్నీ, డాక్టర్ సత్యపాల్‌నీ అరెస్టు చేశారు. ఆ అరెస్టులకు నిరసనగా 13వ తేదీన జనం జలియన్‌వాలాబాగ్‌లో సమావేశమయ్యారు. ఆ తరువాతి కథ మనందరికీ తెలిసిందే. నిరాయుధుల మీద తుపాకి గుళ్లు కురిస్తే ఏమవుతుందో ఎరిగిన మనిషి గనుక, స్వాతంత్ర్యం వచ్చాక ఆయన అఖిల భారత శాంతి సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1952లో సోవియట్ ప్రభుత్వం ఆయనకు శాంతి బహుమతి ఇచ్చింది. మన తెలుగు మహాకవి శ్రీశ్రీ గారు కూడా 1950ల దశకంలో స్టాక్‌హోం శాంతి మహాసభకు వెళ్లివచ్చారు. మా ఉర్దూలో సాహిర్ లుధియాన్వీ 'పర్ఛాయియా' అనే దీర్ఘకావ్యం యుద్ధానికి వ్యతిరేకంగానే రాశారు.

1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పరీక్ష జరిపింది. దూరంగా చేపలు పడుతున్న ఒక జపాను పడవ మీద ఆ బూడిద రాలింది. పడవలోని 23 మందీ జబ్బుపడ్డారు, సెప్టెంబరులో ఒకరు చనిపోయారు. ఉప్పాడలోనో, అంతర్వేదిలోనో వేటకు పోయిన మన మత్స్యకారులకు ఇలా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి! టోక్యోలోని ఒక పేటలో గృహిణులు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు మొదలుపెడితే, దేశమంతా కలిసి అవి 3 కోట్లు దాటాయి. అదే ఏప్రిల్ 2న నెహ్రూ గారు పార్లమెంటులో, ముందు ఈ పరీక్షలైనా ఆపమని కోరారు. చివరకు 1963 ఆగస్టులో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు చేయరాదని ఒప్పందం కుదిరింది. అది అమలులోకి వచ్చింది అక్టోబరు 10న. కిచ్లూ సాహెబ్ ముందురోజే, 9వ తేదీన, కన్నుమూశారు.

ఇక మా అనుభవం ఒకటి మనవి చేస్తాం. 1998 మేలో మన దేశం పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపినప్పుడు మేము చదువుకునే కుర్రాళ్లం. అబ్దుల్ కలాం గారి పేరు వినగానే మా పేటలో అందరి ఛాతీ ఉప్పొంగింది. ఆ నెలాఖరులోనే పాకిస్తాన్ కూడా పేల్చింది. టీ కొట్టు దగ్గర ఒకాయన నవ్వుతూనే "ఏం భాయ్, ఏ బాంబుకు చప్పట్లు కొట్టావ్?" అని అడిగాడు. మేము జవాబు చెప్పలేక గ్లాసు పెట్టేసి వచ్చేశాం. బాంబు వద్దని అందామంటే దేశం మీద ప్రేమ లేదంటారేమోనన్న భయం ఆనాడు మా నోరు కట్టేసింది.

మొన్నీమధ్య క్లాసులో ఒక అబ్బాయి "సార్, బాంబు చెడ్డదైతే కలాం సాహెబ్ తప్పు చేసినట్టా?" అని అడిగాడు. ఈసారి మేము తప్పించుకోలేదు. "బాబూ, పేదింట పుట్టి చదువుతో అంత ఎత్తుకు ఎదిగిన ఆయన్ని గౌరవించు. దేశ రక్షణ కోసమే ఆయన పనిచేశారు. కాని బాంబు వద్దని చెప్పడం దేశద్రోహం కాదు. అమెరికా అణుబాంబు పని మధ్యలో వదిలి వచ్చేసిన రోట్‌బ్లాట్ అనే శాస్త్రవేత్తకు 1995లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. కిచ్లూ సాహెబ్ దేశభక్తిని శంకించగలవాడెవడు?" అన్నాం.

2017లో ఐక్యరాజ్యసమితిలో అణ్వస్త్ర నిషేధ ఒప్పందం తయారై 2021 జనవరిలో అమలులోకి వచ్చింది. అణ్వస్త్రాలున్న దేశాలు, మన దేశంతో సహా, ఏవీ అందులో చేరలేదు. ప్రపంచంలో ఇంకా సుమారు 12,000 అణ్వస్త్రాలున్నాయి. అయినా హిరోషిమా, నాగసాకి బాధితుల సంఘానికి 2024లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. వాళ్లు చేసిందల్లా తమకు జరిగింది విసుగులేకుండా చెబుతూ రావడమే.

కాబట్టి సొసైటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ప్రతి ఏటా ఆగస్టు 6న మన పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి, కాకినాడ బాంబుల కథతో మొదలుపెట్టి, కిచ్లూ సాహెబ్ కథ దాకా చెప్పండి. ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ సోదరుల పిల్లల్నీ పిలవండి. కలిసిన ప్రతివారికీ సలాం చెప్పే మనం, సలాం అంటేనే శాంతి అని పిల్లలకు మరొక్కసారి గుర్తుచేసినట్టవుతుంది.