కారణం రాయని కాగితం

అమ్మకి మొదటి కీమో అయిన సాయంత్రం, ఇంటికి పంపేముందు నర్సు ఒక కాగితం చేతిలో పెట్టింది. 48 గంటలపాటు టాయిలెట్ మూత మూసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. వాంతి, మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోవాలి. వాటితో తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. గర్భిణులు ఈ పనులు చేయకూడదు. ఎందుకో మాత్రం రాయలేదు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. కారణం తెలియని రూల్ కనిపిస్తే అవసరానికి మించి పాటిస్తాను. అమ్మకి కంచం, గ్లాసు వేరు చేశాను. అన్నం వడ్డించేటప్పుడు కూడా గ్లౌజులే. రెండో రోజు అమ్మ అడిగింది: "ఏరా, నేను ముట్టుకోకూడనిదాన్ని అయిపోయానా?"

ఏం చెప్పాలో తెలీలేదు. ఆ రాత్రి జవాబు వెతుకుతూ పోతే ఒక యుద్ధంలో తేలాను.

1943 డిసెంబర్ 2. ఇటలీలోని బారి రేవు మీద జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. అక్కడున్న జాన్ హార్వీ అనే అమెరికన్ ఓడలో రహస్యంగా తెచ్చిన మస్టర్డ్ గ్యాస్ బాంబులున్నాయి. ఓడ పేలిపోయి, ఆ విషం చమురుతో కలిసి నీళ్లమీద పరుచుకుంది. అందులో పడి బయటపడ్డవాళ్లని ఆసుపత్రులకి తెచ్చారు. షాక్‌లో ఉన్నారనుకుని చాలామందికి ఆ తడిబట్టల మీదే దుప్పట్లు కప్పారు. బట్టల్లో ఏముందో అక్కడి నర్సులకి ఎవరూ చెప్పలేదు. మస్టర్డ్ బారినపడి ఆసుపత్రుల్లో చేరిన 600 మందికి పైగా సైనికుల్లో, నావికుల్లో 83 మంది చనిపోయారు. దర్యాప్తుకి వచ్చిన డాక్టర్ స్టువర్ట్ అలెగ్జాండర్, బాధితుల రక్తంలో తెల్లకణాలు పడిపోవడం గమనించాడు.

అంతకుముందే, 1942లో, యేల్ యూనివర్సిటీలో లూయిస్ గుడ్‌మన్, ఆల్ఫ్రెడ్ గిల్మన్‌లు ఇదే జాతికి చెందిన నైట్రోజన్ మస్టర్డ్‌ని ఒక లింఫోమా రోగికి ఇప్పించారు. గడ్డలు కొన్నాళ్లపాటు కరిగాయి. యుద్ధ రహస్యం కాబట్టి ఆ సంగతి 1946 దాకా అచ్చు కాలేదు. అమ్మకి సెలైన్‌లో ఎక్కించిన సైక్లోఫాస్ఫమైడ్ ఆ కుటుంబంలోదే.

మరి ఈ మందులు కలిపి, ఎక్కించే నర్సుల సంగతి? 1979లో ఫిన్లాండ్ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక చిన్న నివేదిక ప్రచురించారు. ఈ మందులతో పనిచేసే నర్సుల మూత్రాన్ని పరీక్షిస్తే, అందులో జన్యువుల్ని మార్చే గుణం మామూలుకన్నా ఎక్కువగా కనిపించింది. వాళ్లు రోగులు కారు, ఒక్క డోసు కూడా తీసుకోలేదు. ఆ తర్వాతి ఏళ్లలో ఆసుపత్రుల్లో గ్లౌజులు, గౌన్లు, మందు కలపడానికి ప్రత్యేకమైన క్యాబినెట్లు వచ్చాయి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1986లో మార్గదర్శకాలు ఇచ్చింది. కీమో చేయించుకుని అదే రోజు ఇంటికెళ్లే పద్ధతి పెరిగేకొద్దీ ఆ జాగ్రత్తలు కూడా రోగి వెంట ఇంటికొచ్చాయి. నా చేతిలోని కాగితం అదే.

మందు ఒంట్లోంచి మూత్రం, మలం, వాంతి ద్వారా బయటికి పోతుంది, చాలావరకు మొదటి రెండు రోజుల్లోనే. జాగ్రత్త వాటితోనే. కాన్సర్ అంటుకోదు. పక్కన కూర్చున్నా, చెయ్యి పట్టుకున్నా, కలిసి తిన్నా మనకేం కాదు. నిజానికి మన నుంచే అమ్మకి ప్రమాదం. బారిలో పడిపోయిన తెల్లకణాలే ఇక్కడా పడిపోతాయి, సాధారణంగా వారం రెండు వారాల మధ్య. అప్పుడు దగ్గరికెళ్లేముందు మనం చేతులు కడుక్కోవాలి. జ్వరం 100.4 డిగ్రీలకి చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

పురుడైనా, చావైనా, నెలసరైనా మనిషిని విడిగా కూర్చోబెట్టడం మన ఇళ్లకి బాగా అలవాటు. ఎందుకని అడగం. చదువుకున్నవాణ్ణనుకునే నేను కూడా ఆ కాగితాన్ని మైల కళ్లతోనే చదివాను.

రెండో కీమో నాటికి గ్లౌజుల డబ్బా బాత్రూమ్ అరలోకి మారింది. అమ్మ కంచం మా కంచాల్లో కలిసిపోయింది. కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి, అడుగున పెన్నుతో ఒక లైన్ రాశాను: ఇదంతా మందు గురించి, అమ్మ గురించి కాదు.