మన్యం న్యాయం: ఒకే ఫైలులో సివిలూ క్రిమినలూ

ఏజెన్సీ ఉద్యోగాల గురించి ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు కోరారు. ఏజెన్సీ అనగానే మనవాళ్లకు చలి, మలేరియా, కాలినడక క్యాంపులు, టి.ఎ. బిల్లులు గుర్తుకొస్తాయి. అవి మనం కలిసినప్పుడల్లా చెప్పుకునేవే. నేను వేరొక సంగతి ఎత్తుకుంటున్నాను.

ఈమధ్య అరకు, పాడేరు వైపు పిల్లలు కొందరు ఇంటర్మీడియట్ అయ్యాక, "లా చదివితే మంచిదా, నేరశాస్త్రం చదివితే మంచిదా, రెండూ కలిపి చదవవచ్చా" అని అడుగుతున్నారు. కలిపే చదవండని నా సమాధానం. ఆ మాటకు ఆధారం నా అభిప్రాయం కాదు, మన్యం చరిత్ర. అక్కడ భూమి తగాదా, అప్పు తగాదా ఒక దారిన, పోలీసు కేసు మరొక దారిన ఎన్నడూ నడవలేదు. ఒకదాని కడుపులోంచే ఇంకొకటి పుట్టింది.

ఏజెంటు గారి కచేరీ

1830 ప్రాంతాల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ జమీందారీలలో వరుసగా అలజడులు రేగాయి. వాటి సంగతి చూడడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని స్పెషల్ కమిషనరుగా పంపింది. మైదానపు కోర్టులూ, రెగ్యులేషన్లూ కొండల్లో నడవవని ఆయన తేల్చారు. ఆయన సిఫారసుల మీద 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, సివిలు, క్రిమినలు న్యాయపాలన రెండూ కలెక్టరుకే అప్పగించారు. ఆ హోదాలో ఆయన గవర్నరుకు ఏజెంటు. మన నోళ్లలో నానిన 'ఏజెన్సీ' అనే మాట అలా పుట్టింది.

శిస్తు వసూలు చేసేదీ, దావా వినేదీ, శిక్ష వేసేదీ ఒకే కచేరీ అన్నమాట. దీనిలో కొంత మేలు లేకపోలేదు. స్టాంపు ఖర్చులు, వకీళ్ల ఫీజులు, ఏళ్ల తరబడి వాయిదాలు కొండవాసికి కొంతవరకు తప్పాయి. కాని శిస్తు అన్యాయమని ఫిర్యాదు చేయాలంటే శిస్తు వేసిన దొర దగ్గరకే పోవాలి.

ఐదు రూపాయల అప్పు, వంద రూపాయల జప్తు

రంప ప్రాంతం గోదావరి జిల్లాలోది. గంజాం, విశాఖపట్నాల కోసం చేసిన 1839 చట్టం దానికి వర్తించలేదు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు చదువురాని కొండవారిచేత ఏవో ఒప్పందాలు రాయించుకునేవారు. మాట తప్పారని దిగువ సివిలు కోర్టులలో దావాలు వేసేవారు. సమన్లు అందినా అందకపోయినా ప్రతివాది అన్ని మైళ్లు నడిచి హాజరయ్యేది లేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ పుచ్చుకుని, అమీనాను వెంటబెట్టుకొని వచ్చి పశువులనూ, ధాన్యాన్నీ తోలుకుపోయేవారు. ఐదు రూపాయల అప్పు కింద వంద రూపాయల విలువైన పశువులను, పంటను పట్టుకుపోయిన ఉదంతం ఒకటి విచారణకు వచ్చిన సల్లివన్ దొర దృష్టికి వచ్చింది.

దీనికి తోడు రంప మన్సబ్‌దారు వసూళ్లు, ముఠాదారుల హక్కుల మీద దెబ్బ, జీలుగు కల్లు మీద పన్ను, పోలీసుల మామూళ్లు కలిశాయి. 1879లో రంప పితూరీ లేచింది. కారం తమ్మన్న దొర వంటి నాయకుల వెంట జనం పోలీసు స్టేషన్ల మీదికి నడిచారు. ప్రభుత్వ రికార్డుల్లో ఇది రాజద్రోహం, దొమ్మీ, హత్య. అంటే క్రిమినలు వ్యవహారం. ఆ ఫైలును అడుగుదాకా తిరగేస్తే కనిపించేవి అప్పుపత్రాలూ, ఎక్స్‌పార్టీ డిక్రీలూ, కల్లు పాటలూ. పితూరీ అణగిన తరువాత ప్రభుత్వం కూడా ఆ సంగతి గ్రహించి, రంపను ఏజెన్సీ పద్ధతి కిందకు తెచ్చింది.

1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం వచ్చింది. కొండవాసి భూమి కొండవాసి కానివాడికి పోవాలంటే ఏజెంటు అనుమతి ఉండాలన్నారు. అప్పు మీద వడ్డీ ఏటా నూటికి 24కు మించరాదు, చక్రవడ్డీ కూడదు, మొత్తం వడ్డీ అసలును దాటరాదు అని షరతులు పెట్టారు. మంచి చట్టమే. కాని అమలు చేసే చేతులు తక్కువ, దాని గురించి తెలిసిన కొండవాసులు ఇంకా తక్కువ.

ఐదేళ్లకే అల్లూరి సీతారామరాజు గారి పోరాటం మొదలైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అటవీ చట్టాల కింద పోడుకు అడ్డంకులు, రోడ్డు పనుల్లో కూలి సరిగా ఇవ్వని వెట్టి, ఇవీ జనాన్ని ఆయన వెంట నడిపించినవి. 1924 మే 7న ఆయన అమరులయ్యారు. ఆయన అనుచరుడు గాం మల్లుదొర జైలుశిక్ష అనుభవించి బయటకు వచ్చి, 1952 ఎన్నికలలో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒకనాటి ముద్దాయి చట్టాలు చేసే సభలో కూర్చున్నారు.

మన కాలపు ఎల్.టి.ఆర్. ఫైళ్లు

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద గవర్నరుకు షెడ్యూల్డు ప్రాంతాల కోసం రెగ్యులేషన్లు చేసే అధికారం వచ్చింది. అలా వచ్చినదే 1959 నాటి ఒకటవ రెగ్యులేషన్. మనం 'ఎల్.టి.ఆర్.' అని పిలుచుకున్నది ఇదే. 1970లో దానిని సవరించి బిగించారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని మొదట భావించాలి, కాదని రుజువు చేసుకునే బాధ్యత ఆ గిరిజనేతరుడిది. ఒక గిరిజనేతరుడు ఇంకొక గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. ఈ సవరణ న్యాయసమ్మతమేనని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది.

1978 సవరణ గురించి మాత్రం లా విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాలి. రెగ్యులేషన్‌కు విరుద్ధంగా భూమి సంపాదించినా, ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చాక కూడా పట్టుకు కూర్చున్నా ఏడాది వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా అన్నారు. పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరంగా చేశారు. అంటే భూమి చట్టంలోకి శిక్షాస్మృతి వచ్చి చేరింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలో కూడా షెడ్యూల్డు తెగలవారి భూమిని అక్రమంగా లాక్కోవడం నేరమే.

కాగితం మీద ఉన్నది నేల మీదికి రావడం వేరు. నేను బెంచి గుమాస్తాగా ఉన్న కాలంలో అరకు వైపు గ్రామానికి చెందిన ఒక ముసలాయనకు ఎల్.టి.ఆర్. కేసులో అనుకూలంగా ఉత్తర్వు వచ్చింది. రెవెన్యూ వారు వెళ్లి భూమి అప్పగించి, పంచనామా రాసి వచ్చారు. ఆయన దున్ని వరి వేశాడు. పంట కోసిన వారానికి, కోసింది దొంగతనమని అవతలివారు ఫిర్యాదు చేశారు. తన పొలంలో తాను వేసిన పంట కోసినందుకు ఆయన, ఆయన కొడుకులిద్దరు మైదానంలోని మెజిస్ట్రేటు కోర్టుకు ముద్దాయిలై తిరిగారు. వారికి కుదిరిన వకీలు గారు క్రిమినలు కేసుల్లో గట్టివారే గాని ఎల్.టి.ఆర్. మాట ఎన్నడూ విన్నవారు కారు. ఎల్.టి.ఆర్. తెలిసిన వకీలు గారు క్రిమినలు కోర్టు మెట్లు ఎక్కరు. ముసలాయనకు అడివాసీ ఒడియా తప్ప రాదు. తన దగ్గర ఉత్తర్వు ఉందని ఆయన చెప్పినా అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

కొన్ని వాయిదాలు గడిచాక పెద్ద కొడుకు మా ఆఫీసుకు వచ్చి సంగతి చెప్పాడు. ఉత్తర్వుకూ, పంచనామాకూ సర్టిఫైడు కాపీలు తీసి, అధికారి గారి సంతకం చేయించి ఇచ్చాను. అవి కోర్టులో దాఖలయ్యాక కేసు నిలవలేదు. తనదని నిజాయితీగా నమ్మి తీసుకున్నది దొంగతనం కాదన్నది శిక్షాస్మృతిలో మొదటి పాఠాలలో ఒకటి. ఈలోగా ఆ ఇంటికి రెండు పంటలు పోయాయి, ఎద్దులు అమ్ముడుపోయాయి. రెండు కాగితాలను ఒకచోట పెట్టి చదవగల మనిషి మొదటి వాయిదా నాడే ఉంటే అవి దక్కేవి.

బొర్రా నుంచి ఢిల్లీ వరకు

చట్టం తెలిసినవారు వెంట నిలిస్తే ఏమవుతుందో అనంతగిరి మండలం చూపించింది. బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో ప్రభుత్వం ప్రైవేటు వారికి గనుల లీజులు ఇవ్వడం మీద 'సమత' అనే సంస్థ హైకోర్టుకు వెళ్లింది, ఓడింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి మెజారిటీతో తీర్పు వచ్చింది. రెగ్యులేషన్‌లోని 'వ్యక్తి' అనే మాటలో ప్రభుత్వం కూడా ఉందని, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని కోర్టు చెప్పింది. ఒక్క మాటకు అర్థం తేల్చడం మీద ఎన్నో గ్రామాల బతుకు ఆధారపడింది.

ఈనాటి కష్టం ఇంకొకటి. గంజాయి కేసులు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం సరుకు 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. శిక్ష పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా పోవచ్చు. బెయిలు బహు కష్టం. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు, కూలికి మూట మోసిన కుర్రవాడు దొరుకుతాడు. 2021లో పోలీసులు 'పరివర్తన' పేరుతో పెద్ద ఎత్తున తోటలు నరికించారు. నరకడం పోలీసు పని. తోట వేయించిన అప్పు ఎవరిది, భూమి ఎవరిది, పట్టుబడినవాడికి సంగతి ఎంతవరకు తెలుసు అని విడదీసి కోర్టుకు చెప్పడం న్యాయవాది పని. రంపలో సల్లివన్ దొర తెలుసుకోవలసి వచ్చినవి కూడా ఇటువంటి ప్రశ్నలే.

పిల్లలకు నాలుగు మాటలు

కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలలో, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో, న్యాయశాస్త్రమూ నేరన్యాయమూ కలిపి జంట పట్టాలు ఇస్తారు. మన దగ్గర ఇంటర్ తరువాత ఐదేళ్ల బి.ఎ., ఎల్‌ఎల్.బి. దానికి దగ్గరి దారి. బెంగుళూరు నేషనల్ లా స్కూలు ఈ పద్ధతికి బాట వేసింది. హైదరాబాదులో నల్సార్ 1998లో, మన విశాఖకు దగ్గరలోని సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. వీటికి క్లాట్ రాయాలి. మామూలు లా కాలేజీలకు లాసెట్ ఉంది. చరిత్ర, సమాజశాస్త్రం, రాజనీతి చదువుతూనే భూమి చట్టం, శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం చదవవచ్చు. నేరశాస్త్రం, జైళ్ల వ్యవస్థ వంటివి ఐచ్ఛికాలుగా ఉంటే అవి తీసుకోండి.

2024 జూలై 1 నుంచి పాత మూడు క్రిమినలు చట్టాల స్థానంలో కొత్తవి అమలులోకి వచ్చాయి. భూమి తగాదాలో శాంతిభంగం కలిగేటప్పుడు మన ఆఫీసుల్లో నడిచిన 145 సెక్షను ఇప్పుడు 164 అయింది. సీనియరు వకీళ్లు కూడా సెక్షన్లు మళ్లీ నేర్చుకోవలసిన కాలంలో చదువుకుంటున్నవారు వెనకబడి ఏమీ లేరు. కువి, అడివాసీ ఒడియా వచ్చిన పిల్లలకైతే మైదానపు వకీలుకు లేని ఆస్తి ఒకటి ముందే ఉంది.

మన సభ్యులకు ఒక సూచన. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. ఈ సంగతి తెలియనివారు కొండల్లో ఇంకా ఎందరో. సంత రోజున నలుగురు కలిసినప్పుడు ఈ మాట చెప్పండి. అడంగల్ చదవడం, సర్టిఫైడు కాపీకి దరఖాస్తు రాయడం, ఉత్తర్వు ఎవరు ఇచ్చారో, అప్పీలు ఎవరికి పోతుందో చూడడం మనకు చేతివాటం. ఇవి ఏ లా కాలేజీలోనూ సరిగా చెప్పరు. సెలవుల్లో ఇంటికి వచ్చిన లా విద్యార్థులకు వారానికి ఒక పూట ఈ పని నేర్పడానికి నేను సిద్ధం. పాడేరు, అరకు, చింతపల్లి శాఖల సభ్యులలో ఇష్టమున్నవారు సంఘం ఆఫీసులో పేరు ఇవ్వగోరుతున్నాను.