పాత నికాహ్ డీవీడీని మార్చాక మాట, పెదవి కలవకపోతే ఏం చేయాలి?

డీవీడీని కంప్యూటర్‌లో పెట్టి ఎంపీ4గా మార్చారు. మొదటి పది నిమిషాలు బాగానే ఉంది. ఖాజీ సాబ్ ఖుత్బా దగ్గరకొచ్చేసరికి నోరు ఒక దారి, మాట ఒక దారి. దుల్హా తల ఊపి ఊరుకున్నాక "ఖబూల్ హై" వినిపిస్తుంది. ఇది చాలా ఇళ్లలో ఎదురయ్యే సమస్యే. బాగు చేయొచ్చు కూడా, కాకపోతే తేడా ఏ రకానిదో ముందు తెలియాలి.

మా ఇంట్లో ఒక వలీమా డిస్కు ఉంది. దాదీ దుల్హన్‌కు దువా ఇచ్చే కొద్ది క్షణాలు తప్ప ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ఒక షాపులో ఇచ్చి మార్పిస్తే గొంతు రెండు సెకన్లు వెనకబడి వచ్చింది, డిస్కు మీద కొత్త గీత కూడా పడింది. అప్పటి నుంచి ఈ పని ఇంట్లోనే చేసుకుంటున్నాం.

అన్నిటికన్నా ముందు ఒక చిన్న పరీక్ష. బ్లూటూత్ స్పీకరు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాటను కాస్త ఆలస్యంగా వినిపిస్తాయి. వాటిని తీసేసి కంప్యూటర్ సొంత స్పీకర్‌లో వినండి. తేడా పోయిందంటే ఫైలులో తప్పేమీ లేదు. తర్వాత అసలు డిస్కునే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడించండి. అక్కడా కలవకపోతే తప్పు మీ మార్పిడిలో లేదు, డిస్కులోనే ఉంది. వీహెచ్ఎస్ క్యాసెట్ నుంచి డీవీడీకి ఎక్కించిన పాత పెళ్లిళ్లలో ఇది మామూలే.

డిస్కును ముందు కాపాడండి

ఇంట్లో రాసిన డీవీడీ నిండేది రంగు పూత మీద. ఎండ, వేడి, తేమ తగిలితే ఆ పూత పాడవుతుంది. అందుకని పదిసార్లు డిస్కు తిప్పి ప్రయోగాలు చేయకండి. మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా రుద్దకండి. ఇమేజ్‌బర్న్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం డిస్కును ఒక ఐఎస్ఓ ఫైలుగా దించుకోండి. మామూలు డిస్కు 4.7 జీబీ, రెండు పొరలది 8.5 జీబీ. ఇక చేసే పనంతా ఆ ఐఎస్ఓ మీదే. ఒక డ్రైవ్ చదవలేని డిస్కును ఇంకో డ్రైవ్ చదివేస్తుంది, కాబట్టి తెలిసినవాళ్ల దగ్గర వేరే డ్రైవ్ దొరికితే అందులోనూ పెట్టి చూడండి. క్యామ్‌కార్డర్‌లో వాడిన చిన్న డిస్కు ఖాళీగా కనిపిస్తే పారేయకండి. దాన్ని ఫైనలైజ్ చేసి ఉండకపోవచ్చు. ఆ క్యామెరా దొరికితే అందులోనే ఫైనలైజ్ చేయాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. డిస్కు తెరిస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డర్, అందులో వీఓబీ ఫైళ్లు కనిపిస్తాయి. ఒక్కోటి 1 జీబీ లోపు. వాటిని విడివిడిగా మార్చి తర్వాత అతికిస్తారు. కానీ ఆ ముక్కలు మాట ఆగిన చోట తెగినవి కావు, సైజు చూసి తెగినవి. ఏ ముక్క తర్వాత ఏది, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఆడించాలో పక్కనున్న ఐఎఫ్ఓ ఫైళ్లు చెబుతాయి. వాటిని వదిలేస్తే అతుకు దగ్గర మాట జారుతుంది. మేక్‌ఎంకేవీ ఐఎఫ్ఓను చదివి, బొమ్మను మళ్లీ కుదించకుండా ఒకే ఎంకేవీ ఫైలుగా ఇస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మామూలు సెట్టింగ్‌లో అది 120 సెకన్ల కన్నా చిన్న భాగాలను వదిలేస్తుంది. రుఖ్సతీ ముక్క చిన్నదైతే అలా మాయం కావచ్చు. సెట్టింగ్స్‌లో ఆ సంఖ్య తగ్గించండి.

తేడా ఎలా ఉందో చూడండి

ఫైలులో మూడు చోట్ల చూడాలి, మొదట్లో, మధ్యలో, చివర్లో. చప్పుడు, కదలిక రెండూ కనిపించే క్షణం పట్టుకోండి. మెహందీ రాత్రి ఢోలక్ మీద పడే చేయి దీనికి బాగా పనికొస్తుంది. వీడియో వాళ్లు పాటలు అతికించిన చోట చూసి లాభం లేదు, అక్కడ అసలు గొంతే ఉండదు.

మూడు చోట్లా ఒకే తేడా ఉంటే అది చాలా తేలిక. వీఎల్‌సీలో ఆడిస్తూ కే నొక్కితే మాట వెనక్కి వెళ్తుంది, జే నొక్కితే ముందుకొస్తుంది. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు (విండోస్‌లో ఈ మీటలు, మ్యాక్‌లో వేరే). పెదవి కలిసినప్పుడు తెర మీద కనిపించే సంఖ్య రాసుకోండి. ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఫైలు తెరిచి, ఆడియో ట్రాక్ ఎంచుకుని, డిలే గడిలో అదే సంఖ్య వేసి సేవ్ చేయండి. మైనస్ గుర్తు ఉంటే అదీ వేయాలి. మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు, నిమిషాల్లో అయిపోతుంది.

మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను పెరిగితే డిలే పనికిరాదు. ఒక చివర సరిచేస్తే ఇంకో చివర చెడుతుంది. దీనికి సాధారణంగా ఫ్రేముల లెక్కే కారణం. మన దేశంలో తీసిన డిస్కులు పాల్ పద్ధతివి, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా నుంచి బంధువులు పంపినవి ఎన్‌టీఎస్‌సీ, 29.97. ఆ 29.97ను ఏదైనా సాఫ్ట్‌వేర్ 30 అనుకుంటే గంటకు 3.6 సెకన్లు తేడా వస్తుంది. ఫోన్ కోసం చేసిన ఫైళ్లలో ఫ్రేములు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండొచ్చు. వాటిని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టినప్పుడు కూడా ఇలా జారుతుంది.

మందు ఏమిటంటే మళ్లీ మొదటి నుంచి మార్చడం. హ్యాండ్‌బ్రేక్‌లో ఎంకేవీ తెరిచి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ దగ్గర 'సేమ్ యాజ్ సోర్స్', దాని కింద 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' పెట్టండి. క్వాలిటీ ఆర్ఎఫ్ 20 దగ్గర చాలు. కదిలినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి. మనుషులు సన్నగానో లావుగానో కనిపిస్తే డైమెన్షన్స్‌లో అనామార్ఫిక్‌ను ఆటోలో ఉంచండి. ఎంత సేపు పట్టినా మొత్తం ఫైలు మార్చి చివర చూడాలి. ఆఖరి ఐదు నిమిషాలే మార్చి చూస్తే పోనుపోను పెరిగే తేడా బయటపడదు.

డిస్కులోనే అలా జారి ఉంటే మాత్రం ఆడియోను ఆడాసిటీలోకి తీసుకోవాలి (దానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ జతచేయాలి). 'చేంజ్ టెంపో'లో కొత్త నిడివి సెకన్లలో అడుగుతుంది. మాట చివర్లో 4 సెకన్లు వెనకబడితే నిడివి 4 సెకన్లు తగ్గించండి, ముందుంటే పెంచండి. గొంతు స్థాయి మారదు. తర్వాత ఎంకేవీటూల్‌నిక్స్‌లో పాత ఆడియోకు టిక్ తీసేసి దీన్ని కలపండి.

ఇక మూడో రకం ఉంది, ఒక చోట వరకు బాగుండి అక్కడ ఒక్కసారిగా జారేది. ఆ చోట గీతో, చెడిపోయిన భాగమో ఉండి కొన్ని ఫ్రేములు పోయి ఉంటాయి. ఏ సెట్టింగ్ మార్చినా పోయినవి తిరిగి రావు. వేరే డ్రైవ్‌లో మళ్లీ చదివించడమే మొదటి ప్రయత్నం. అదీ కుదరకపోతే ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఆ చోట ఫైలును రెండుగా కోసి, రెండో ముక్కకు మాత్రం డిలే వేయండి. మా దాదీ డిస్కు ఈ రకమే. మాట సరిగ్గా కలిసింది గానీ ఆమె చేయి పైకెత్తే చోట బొమ్మ ఒక క్షణం గెంతుతుంది.

పూర్తయిన ఫైలును వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా వెళ్తుంది. ఐఎస్ఓను రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచండి, ఒకటి ఆపా ఇంట్లోనో మామూ ఇంట్లోనో పెడితే ఇంకా మంచిది.