తొలిచిన పలక

హవాయి దీవులలోని హొనొలూలూ నగరములో బిషప్ మ్యూజియము ఉన్నది. అక్కడ శిథిలమగుచున్న కొన్ని పాత కొయ్యపలకలను బాగుచేయుటకు 1920 దశకములో టామ్ బ్లేక్ అనే అమెరికను ఈతగాడు పూనుకొన్నాడు. అవి సముద్రపు అలలపై స్వారి చేయు పలకలు. ఇంగ్లీషువారు సర్ఫుబోర్డు లంటారు. మనము అలపలక లందాము.

అలలపై స్వారి ఆ దీవులవారికి తరతరాల క్రీడ. సామాన్యులు కోఆ మానుతో పొట్టి పలకలు చేసుకొనేవారు. కోఆ మన తుమ్మకు దూరపు బంధువు, గట్టిది, బరువైనది. 'ఓలో' అనే నిడుపాటి పలక నాయకులకే చెల్లేదని అంటారు. దానికి విలివిలి అనే తేలిక మాను శ్రేష్ఠము. ఈ విలివిలి మన బాడిద చెట్టు జాతిదే!

1778లో కుక్ నావలు చేరిన తరువాత విదేశపు రోగములు ఆ జనములో ఎక్కువ భాగమును తుడిచిపెట్టినవి. ఆట క్షీణించినది, మాను ఎన్నుకొను నేర్పు కూడ క్షీణించినది. 20వ శతాబ్దములో ఆట మరల తల యెత్తినప్పుడు అమెరికా నుండి వచ్చిన రెడ్‌వుడ్ దిమ్మలే గతి అయినవి. అట్టి పలకను ఒడ్డుకు మోయుటే ఒక కసరత్తు.

బ్లేక్ ఓలో వంటి పలక చేయగోరినాడు. 1926లో రెడ్‌వుడ్ పలకకు పైనుండి క్రిందికి వందలకొలది రంధ్రములు తొలిచి, నెల దినములు ఆరబెట్టి, పలుచని చెక్క కప్పినాడు. ప్రతి రంధ్రము ఒక గాలిగది అయినది.

విద్యార్థులు ఇక్కడ ఆర్కిమిడీసు సూత్రమును జ్ఞాపకము చేసికొనవలెను. ఒక ఘనపుటడుగు నీటి బరువు సుమారు 62 పౌనులు. ఎండిన రెడ్‌వుడ్‌ది సుమారు 26. కనుక ఘనపుటడుగు రెడ్‌వుడ్ పూర్తిగా మునుగులోపల 36 పౌనుల భారము మోయగలదు. అందులో సగము కొయ్య తొలిచి మూసివేయుడు. అది తొలగించు నీరు మునుపటంతే. దాని బరువు మాత్రము 13 పౌనులే. మోయు భారము 49 అగును! ప్రాచీనులు తేలిక చెట్టును వెదకినారు. బ్లేక్ బరువు చెట్టు నుండియే తేలికదనమును రాబట్టినాడు.

తరువాత ఆయన రంధ్రములు మాని, విమానపు రెక్కలో వలె లోపల అడ్డపట్టెలు కూర్చి, వాటిపై పలుచని చెక్క బిగించు పద్ధతికి 1932లో పేటెంటు పొందినాడు. చిక్కులు లేకపోలేదు. ఎండలో లోపలి గాలి వ్యాకోచించి అతుకులను నెట్టును. అతుకు విడిన చోట నీరు చొరబడును. అందుకే బోలుపలకలకు బిరడా పెట్టుట వాడుక అయినది.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత బాల్సా కొయ్యపై గాజుపీచు పూత, 1950 దశకాంతమున పెట్రోలియము నుండి తీసిన నురుగు దిమ్మలు వచ్చి, బోలుపలకను మరపించినవి. 2005 డిసెంబరులో కాలిఫోర్నియాలో అట్టి దిమ్మలు చేయు పెద్ద కర్మాగారము మూతపడగా, కొందరు వడ్రంగుల చూపు మరల అడ్డపట్టెల వైపు మళ్లినది. దేవదారు, పాలోనియా వంటి మానుల పలుచని చీలికలు చాలును. జిగురు, పైపూతలు మాత్రము చాలవరకు ఇంకను రసాయనశాల సరుకే.

2005లోనే హవాయిలో ఒక చిన్న కందిరీగ విలివిలి ఆకులలో బుడిపెలు పుట్టించి, వేలకొలది చెట్లను చంపినది. ఆ పురుగును తిను మరియొక కందిరీగను టాంజానియా నుండి తెచ్చి 2008లో విడువగా చెట్లు కొంత కోలుకొన్నవి. ఇప్పుడు తేలిక పలక కొరకు ఆ చెట్టుపై గొడ్డలి ఎత్తవలసిన పని లేదు.