పడమటి మెట్టలో జనరేటరు: అద్దె ఇంజను నుంచి ఇంటి వసారా దాకా

నెల్లూరు జిల్లా పడమటి భాగంలో, వెలిగొండలకూ పెన్నకూ నడుమ ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల విద్యుత్తు చరిత్రను స్తంభాలు, తీగలు, సబ్‌స్టేషన్ల లెక్కతో మొదలుపెట్టడం వాడుక. ప్రభుత్వ దస్తావేజులు ఆ లెక్కనే భద్రపరిచాయి కనుక అది సహజమే గాని, ఈ మెట్ట పల్లెల్లో ఎందరికో కరెంటు వెలుగు మొదట కనిపించింది స్తంభం మీద కాదు. పెండ్లి పందిట్లోనో, తిరునాళ్లలోనో, టూరింగ్ టాకీసు డేరా ముందో, బండి మీద వచ్చిన ఇంజను తిప్పిన డైనమో వల్ల కనిపించింది. ఆ ఇంజను ఊరిది కాదు, అద్దెది. దాన్ని నడిపే మనిషి కూడా దానితోపాటే వచ్చి, తెల్లవారాక దానితోపాటే వెళ్లిపోయేవాడు. యంత్రమూ, దాన్ని ఎరిగిన చెయ్యీ ఒకే అద్దెలో రావడం ఈ ప్రాంతపు జనరేటరు చరిత్రలో మొదటి దశ కాగా, యంత్రం మాత్రమే ఇంట్లోకి వచ్చి ఆ చెయ్యి బయటే మిగిలిపోవడం రెండవ దశ. ఇంట్లో వాడే జనరేటర్లు పాడయ్యే తీరుకు ముఖ్య కారణం ఈ మార్పులోనే వెతకాలి.

జనరేటరు అంటే ఒక యంత్రం కాదు, రెండు యంత్రాల జోడు. ఇంధనాన్ని మండించి ఇరుసును తిప్పేది ఇంజను. ఆ తిప్పుడును విద్యుత్తుగా మార్చేది డైనమో లేదా ఆల్టర్నేటరు. అయస్కాంత క్షేత్రంలో రాగి తీగచుట్ట తిరిగితే అందులో విద్యుత్తు పుడుతుందని 1831లో మైఖేల్ ఫారడే నిరూపించిన సూత్రమే రెండవదానికి ఆధారం. ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తును ఇచ్చేది డైనమో అయితే, క్షణక్షణం దిశ మారే విద్యుత్తును, అంటే నేడు ఇళ్లకు వచ్చే కరెంటును ఇచ్చేది ఆల్టర్నేటరు. ఈ ప్రాంతానికి ఈ రెండు యంత్రాలు కలిసి రాలేదు. ఇంజను ముందు వచ్చింది, అదీ వెలుగు కోసం కాదు, నీటి కోసం వచ్చింది.

అనంతసాగరం వంటి పెద్ద చెరువుల కింద మాగాణి ఉన్నా, చెరువు నీరు ఎక్కని మెట్టకు బావులే ఆధారం కావడం వల్ల, ఎద్దులతో కపిల తోలడమే తరతరాలుగా ఇక్కడి సేద్యానికి ప్రాణంగా ఉండేది. కపిల స్థానంలోకి వచ్చినది ఆయిల్ ఇంజను. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ సంస్థ 1929 నుంచి తయారుచేసిన ఒంటి సిలిండరు డీజిలు ఇంజను ఈ జాతికి మాతృక వంటిది. 1946లో పుణె దగ్గర కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ స్థాపితమయ్యాక, గుజరాతులోని రాజ్‌కోట్‌లో లిస్టర్ నమూనాకు నకళ్లు విరివిగా తయారయ్యాక, ఈ ఇంజను మధ్యతరగతి రైతుకు కూడా అందే వస్తువైంది. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన తరువాత క్రమంగా బావుల దగ్గరికి తీగలు సాగి, ఇంజను చోటు ఎలక్ట్రిక్ మోటారుకు దక్కడంతో, పనిలేని ఇంజన్లు కొన్ని డైనమోకు జతపడి పందిళ్ల వైపు మళ్లాయని ఊహించడానికి తగినంత ఆస్కారం ఉంది, ఎందుకంటే అద్దె లైటింగు వారి పాత సెట్లలో కనిపించేది ఈ జాతి ఇంజన్లే.

ఆ సెట్టును దగ్గర నుంచి చూస్తే దాన్ని నడిపినవారి నేర్పు ఎటువంటిదో తెలుస్తుంది. లిస్టర్ జాతి ఆరు అశ్వశక్తుల ఇంజను నిమిషానికి 650 చుట్లు మాత్రమే తిరుగుతుంది. నాలుగు ధ్రువాల ఆల్టర్నేటరు మన దేశపు ప్రమాణమైన 50 హెర్ట్జ్‌ల కరెంటు ఇవ్వాలంటే నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. అందుకే ఇంజనుకు పెద్ద కప్పీ, ఆల్టర్నేటరుకు చిన్న కప్పీ పెట్టి నడుమ బెల్టు బిగించేవారు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి మాత్రమే ఇంధనాన్ని మండిస్తుంది కనుక ఆ వేగంలో సెకనుకు అయిదుసార్లకు కాస్త పైగా తోపు పడుతుంది. బరువైన ఫ్లైవీలు ఉన్నా ఆ తోపుల మధ్య వేగం కొద్దిగా తగ్గి, బల్బు వెలుగు సన్నగా కొట్టుకుంటుంది. పాతకాలపు పందిళ్లలో బల్బులు అదిరినట్లు కనిపించడానికి కారణం అదే. వాన తుంపరలకు బెల్టు జారితే వోల్టేజి పడిపోవడం, ఒకేసారి సగం దీపాలు ఆర్పితే మిగిలినవి మాడిపోయేంతగా పెరగడం మామూలు కాబట్టి, లోడును బట్టి ఇంధనాన్ని హెచ్చుతగ్గు చేసే గవర్నరు పని తీరును ఇంజను శబ్దం వినే పసిగట్టడం ఆపరేటరుకు తప్పనిసరి విద్య అయింది. డీకంప్రెషన్ లీవరు ఎత్తి సిలిండరులోని ఒత్తిడి తగ్గించి, హ్యాండిలు తిప్పి, వేగం అందుకున్న క్షణంలో లీవరు వదలడం, ఇంజను అందుకోగానే హ్యాండిలు చేతిని విసరకుండా లాగేయడం ఏ పుస్తకంలోనూ నేర్చుకునే పని కాదు.

ఈ యంత్రాలకూ నెల్లూరు జిల్లాకూ ఇంకొక లోతైన బంధం ఉంది, దానిని స్థానిక చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు. డైనమోలో కమ్యుటేటరు అనే భాగం ఉంటుంది. అది గుండ్రంగా పేర్చిన రాగి పలకల వరుస, తీగచుట్టలో పుట్టిన విద్యుత్తును ఒకే దిశకు తిప్పి కార్బన్ బ్రష్‌లకు అందించడం దాని పని. పలకకూ పలకకూ మధ్య కరెంటు దూకకుండా, వేడికి కరగకుండా ఉండే పదార్థంగా శతాబ్దానికి పైగా వాడుకలో ఉన్నది అభ్రకం, అంటే మైకా. గూడూరు నుంచి సంగం దాకా సుమారు 60 మైళ్ల పొడవున, 8 నుంచి 10 మైళ్ల వెడల్పున సాగే నెల్లూరు మైకా మండలం ఆత్మకూరు పొలిమేరలను తాకుతూ పోతుంది. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకాల నుంచి ఇక్కడి గనులలో తవ్విన, ఆకుపచ్చ ఛాయ గల రేకులలో అధికభాగం విదేశాలకు ఎగుమతి అయింది. ప్రపంచపు డైనమోలకు కావలసిన రేకును ఇచ్చిన నేల చాలా దశాబ్దాల పాటు పెట్రోమాక్స్ లైట్ల వెలుగులోనే పండుగలు చేసుకుందన్న వాస్తవం చరిత్రకారుడిని కలచివేయక మానదు.

అమెరికాలో చిన్న జనరేటర్లు మొదట పొలాల ఇళ్లకూ, తరువాత తిరిగే ఇంటికీ, అంటే వంట, పడక అన్నీ అమర్చిన మోటారు వాహనానికీ కరెంటు ఇచ్చి పేరుకెక్కాయి. 1916లో వచ్చిన డెల్కో‌లైట్ సెట్లు 32 వోల్టుల విద్యుత్తుతో పొలాల మధ్య ఇళ్లను వెలిగించగా, 1920లో మినియాపోలిస్‌లో మొదలైన ఓనన్ సంస్థ తరువాతి కాలంలో అటువంటి వాహనాల జనరేటర్లకు పర్యాయపదమైంది. తెలుగునాట తిరిగే ఇల్లు లేదు గాని తిరిగే సినిమా ఉండేది. డేరా, ప్రొజెక్టరు, తెర, ఇంజను, డైనమో, వంట పాత్రలతో సహా ఊరి నుంచి ఊరికి మారిన టూరింగ్ టాకీసు ఆ అర్థంలో సంచార విద్యుత్ గృహమే. ప్రొజెక్టరులో రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే ఆర్క్ దీపానికి ఒకే దిశ విద్యుత్తు అవసరం కనుక డైనమో తప్పనిసరి. ఆ కాలపు నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకునే స్వభావం గలది. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం లైసెన్సులను ముడిపెట్టినది ప్రధానంగా ప్రేక్షకుల భద్రతతోనే. ఇంధనమున్న ఇంజనును డేరాకు ఎడంగా ఉంచాలన్న జాగ్రత్త అలా వృత్తిలో భాగమై, తరువాత షామియానా సప్లయర్ల చేతికి కూడా సంక్రమించింది.

ఆత్మకూరుకు చేరువలోని అనుమసముద్రంపేట దర్గా గంధోత్సవం, రాపూరు వైపు పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు, ఊరూరి గ్రామదేవత తిరునాళ్లు ఈ వృత్తికి పంట కాలాలు. మైకుసెట్టు, ట్యూబులైట్లు, సీరియల్ సెట్లు, జనరేటరు ఒకే యజమాని దగ్గర దొరికే సప్లయర్ల వ్యాపారం వీటి చుట్టూ పెరిగింది. పల్నాడులోని కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్లలో ఆకాశాన్నంటే విద్యుత్ ప్రభలు కూడా జనరేటర్ల బలంతోనే వెలుగుతాయి. ఈ వ్యాపారంలోనే జనరేటరు ఎంపికకు సంబంధించిన అసలు శాస్త్రం నోటి లెక్కగా స్థిరపడింది. 40 వాట్ల ట్యూబులైటు చోకుతో కలిపి 50 వాట్లుగా లెక్కకట్టి, నలభై ట్యూబులకు రెండు కిలోవాట్లు అని తేల్చి, ఆ పైన కొంత మిగులు ఉంచుకునేవారు. డీజిలు సెట్ల మీద రాసి ఉండే కేవీఏ అంకె పూర్తిగా పనికి వచ్చే శక్తి కాదనీ, సాధారణంగా దానిలో 0.8 వంతు, అంటే 5 కేవీఏ సెట్టుకు 4 కిలోవాట్లు మాత్రమే దీపాలకూ మోటార్లకూ దక్కుతుందనీ వారికి అనుభవంతో తెలుసు. దీపాలు మోయగల సెట్టు మోటారును మోయలేదన్న విషయం అంతకంటె ముఖ్యమైనది. మోటారు కదిలే తొలి క్షణంలో మామూలు కరెంటుకు అయిదారింతలు లాగుతుంది కనుక ఒక అశ్వశక్తి నీటి మోటారుకు ఒక కిలోవాట్ జనరేటరు ఎంతమాత్రం చాలదు. నడుస్తున్నప్పుడు 150 వాట్లే తీసుకునే ఫ్రిజ్ కూడా కంప్రెసరు మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు కోరుతుంది.

చేతితో ఎత్తి తీసుకుపోగల జనరేటరు ఈ దేశంలో విరివిగా దొరకడం 1980లలో మొదలైంది. 1985లో శ్రీరామ్, హోండా సంస్థల ఉమ్మడి భాగస్వామ్యంగా ఏర్పడి, హిమాలయ పాదాల దగ్గరి రుద్రపూర్‌లో కర్మాగారం నెలకొల్పిన సంస్థ, పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో నడిచే చిన్న సెట్లను అమ్మింది. రెండు ధ్రువాల ఆల్టర్నేటరును ఇంజను ఇరుసుకే నేరుగా బిగించి నిమిషానికి 3000 చుట్లు తిప్పడం వల్ల బెల్టూ కప్పీలూ అవసరం లేక బరువు తగ్గింది. అదే కారణంగా శబ్దమూ అరుగుదలా పెరిగాయి. తరువాత వచ్చిన ఇన్వర్టరు జాతి సెట్లు పుట్టిన కరెంటును ముందు ఒకే దిశకు మార్చి, మళ్లీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో 50 హెర్ట్జ్‌ల కరెంటుగా మలుస్తాయి కాబట్టి, లోడు తక్కువైతే ఇంజను కూడా నెమ్మదించి ఇంధనం ఆదా అవుతుంది. కంప్యూటర్లకూ సెల్‌ఫోన్లకూ ఇవే క్షేమం.

ఇంటి జనరేటరుకు గిరాకీ తెచ్చినవి కోతలు, తుపానులు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను జిల్లాను అతలాకుతలం చేసింది. 2012-13 నాటి తీవ్రమైన కోతల కాలంలో పల్లెల్లో పగలు కరెంటు ఉండడమే విశేషమైంది. 2021 నవంబరులో అనంతసాగరం మండలంలోని సోమశిల జలాశయానికి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పెన్న తీరాన్ని ముంచెత్తింది. ఇటువంటి ప్రతి ఉపద్రవం తరువాతా జనరేటర్లు కొంటారు. కరెంటు నిలకడ పడగానే అవి వసారా మూలకు చేరుతాయి.

అక్కడే వాటి చావు మొదలవుతుంది. తిరునాళ్ల కాలంలో ప్రతి రాత్రీ నడిచిన అద్దె సెట్టుకు రోజూ కొత్త ఇంధనం పడేది, ఆయిలు మట్టం రోజూ చూసేవారు, తేమ ఇంజను వేడికి ఆవిరయ్యేది. ఇంటి సెట్టు నెలల తరబడి కదలదు. కార్బొరేటరులో నిలిచిన పెట్రోలు జిగురుగా మారి, సూది బెజ్జం వంటి జెట్లను మూసేస్తుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా కలుపుతున్న ఇథనాలు తేమను పీల్చుకునేది కాబట్టి ఈ చేటు మునుపటికంటె త్వరగా వస్తుంది. ఆల్టర్నేటరు సంగతి మరీ విచిత్రం. కరెంటు పుట్టడం మొదలు కావడానికి దాని ఇనుప దిమ్మెలో కొద్దిపాటి అయస్కాంతత్వం మిగిలి ఉండాలి; చాలాకాలం తిరగకపోతే అదీ నశించి, ఇంజను చక్కగా తిరుగుతున్నా బల్బు వెలగదు. అప్పుడు మెకానిక్కు 12 వోల్టుల బ్యాటరీ తీగలను క్షణకాలం తీగచుట్టకు ఆనించి అయస్కాంతత్వాన్ని తిరిగి నింపుతాడు. దీనినే ఫ్లాషింగు అంటారు. డీజిలు సెట్టును లోడు లేకుండా చాలాసేపు వదిలినా మేలు కాదు, ఎందుకంటే చల్లగా నడిచే సిలిండరులో సరిగా మండని డీజిలు పొగగొట్టంలో నల్లటి జిడ్డుగా పేరుకుంటుంది.

అద్దె సెట్ల ఆపరేటర్లు పాటించిన క్రమాన్నే ఇంటికి అన్వయించుకోవచ్చు. నెలకొకసారి సగానికి తగ్గని లోడుతో అరగంట నడపడం, ఎక్కువ కాలం ఆపేటప్పుడు ఇంధనం కుళాయి మూసి కార్బొరేటరు ఖాళీ అయ్యేదాకా నడవనివ్వడం, కొత్త ఇంజను ఆయిలును మొదటి 20 గంటలకూ, ఆ తరువాత 100 గంటలకు లేదా ఆరు నెలలకు మార్చడం, ఎర్ర దుమ్ము ఎక్కువైన ఈ మెట్టలో ఎయిర్ ఫిల్టరును గడువుకు ముందే శుభ్రం చేయడం ఆ క్రమంలో ముఖ్యాంశాలు. ప్రాణానికి సంబంధించినవి మరి రెండున్నాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు కనుక, వాన పడుతున్నా సరే, సెట్టును గదిలోగాని తలుపులు మూసిన వసారాలోగాని నడపరాదు. జనరేటరును గోడ ప్లగ్గుకు తగిలించి ఇంటి వైరింగులోకి కరెంటు ఎక్కించడం అంతకంటె ఘోరం: ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మరుకు వెనక్కి ఎక్కి, అక్కడ 11,000 వోల్టులుగా మారి, లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయగలదు. బయటి కరెంటునూ జనరేటరునూ ఎప్పటికీ కలవనివ్వని చేంజోవర్ స్విచ్‌ను బిగించడానికి అయ్యే ఖర్చు జనరేటరు ధరలో చిన్న భాగమే.

అద్దె వ్యాపారం కూడా ఇప్పుడు మారింది. 2002 మే నెలలో వెలువడిన కేంద్ర నిబంధనల ప్రకారం, 2005 నుంచి తయారయ్యే డీజిలు సెట్లు మీటరు దూరంలో 75 డెసిబెళ్లకు మించి శబ్దం చేయకూడదు. 2023 జులై నుంచి పొగ మీద ఇంకా కఠినమైన పరిమితులు వచ్చాయి. అందువల్ల శబ్దాన్ని మింగే పెట్టెలో మూసిన సెట్లు ట్రాక్టరు ట్రాలీల మీద, చిన్న లారీల మీద పెండ్లిళ్లకు వస్తున్నాయి. బెల్టు లేదు, హ్యాండిలు లేదు, స్విచ్ నొక్కితే మొదలవుతాయి; అయినా సప్లయరు సెట్టును ఒంటరిగా పంపడు, ఆపరేటరును తోడు పంపుతాడు, అతని కూలి అద్దెలో కలిసే ఉంటుంది.